తేదీ తెలియని మరణాలకు ఏ రోజున దీపం?

యూదుల ఇంట్లో ఎవరైనా పోతే ఏటా అదే తిథికి దీపం పెడతారు. పేరు యార్‌జైట్. మన ఆబ్దికంలాగే దానికీ తిథే ప్రమాణం. యూదు దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక ముందురోజు సాయంత్రం వెలిగించిన కొవ్వొత్తి 24 గంటలు వెలగాలి. ఆ రోజు కాద్దిష్ ప్రార్థన చదవడానికి పదిమంది వయోజన యూదులు ఉండాలి. ఆ అరమాయిక్ ప్రార్థనలో మరణం ఊసే ఉండదు, అంతా దైవస్తుతి.

అంటే పేరు, తేదీ, చదివే మనిషి కావాలి. నాజీలు 60 లక్షల మంది యూదులను చంపినప్పుడు ఎందరి విషయంలోనో ఈ మూడూ పోయాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు వసంతకాలంలో గంటల తరబడి మృతుల పేర్లు చదవడం వెనక ఉన్నది ఈ లోటే.

పేర్లు చదివే ఆచారం నాజీల కాలం నాటిది కాదు. 1096లో మొదటి క్రూసేడ్ మూకలు రైన్ నది తీరపు యూదులను ఊచకోత కోశాయి. ఆ మృతుల పేర్లు రాసుకుని ప్రార్థనామందిరంలో చదివేందుకు మెమోర్‌బుఖ్‌లు అనే స్మరణ పుస్తకాలు పుట్టాయి. నూరెంబర్గ్ పుస్తకం 1296లో మొదలైంది. మృతులను తలచుకుంటూ ఏడాదికి నాలుగుసార్లు చదివే యిజ్కోర్ ప్రార్థనదీ ఇదే వరస.

యుద్ధం ముగిశాక తేదీ చిక్కు వచ్చింది. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు, అంటే మతగురువులు, యూదు పంచాంగంలో టేవేత్ మాసం 10ని, అంటే జెరూసలేం ముట్టడిని తలచుకునే ఉపవాస దినాన్ని, మరణతిథి తెలియనివారికి కాద్దిష్ చదివే రోజుగా ప్రకటించారు. పార్లమెంటు మాత్రం నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలోని తిరుగుబాటును స్మరించాలనుకుంది. అది మొదలైన 1943 ఏప్రిల్ 19 యూదు పంచాంగంలో నిసాన్ మాసం 14, పస్కా పండగ ముందురోజు. అందుకే 1951లో రాజీగా నిసాన్ 27ని స్మరణదినంగా ఎంచుకున్నారు. నిసాన్ మాసంలో శోకం తగదన్న అభ్యంతరం పోలేదు. ఆర్థడాక్స్ యూదుల్లో చాలామందికి నేటికీ టేవేత్ 10నే ముఖ్యం. జనవరి 27 వేరు: 1945లో సోవియట్ సేన నాజీల ఆష్విట్జ్ మరణశిబిరాన్ని విడిపించిన రోజు, దాన్ని 2005లో ఐక్యరాజ్యసమితి స్మరణదినంగా గుర్తించింది.

స్మరణ సభల నిర్వాహకులు తరచూ పొరబడేది ఇక్కడే. నిరుటి ఇంగ్లిష్ తేదీనే ఈ ఏడూ వేస్తారు. నిసాన్ 27 శుక్రవారం పడితే స్మరణ గురువారానికి, ఆదివారం పడితే సోమవారానికి జరుగుతుంది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా ఉండే సబ్బాతుకు భంగం రాకూడదని ఈ మార్పు.

స్మరణ సభలో చదివే పాఠంలోని మాటలకూ చరిత్ర ఉంది. ‘జెనోసైడ్’ పదాన్ని పోలండ్ యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ పుట్టించి 1944లో ప్రచురించాడు. 1948 డిసెంబరు 9న అది ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు ఎక్కింది. ‘హోలోకాస్ట్’ గ్రీకులో దహనబలి. ఆ హత్యలు ఎవరికీ బలి కావు కనుక చాలామంది యూదులు ‘షోవా’ అంటారు, అంటే మహావిపత్తు. తెలుగులో మనం అలవాటుగా రాసే ‘నరమేధం’లోనూ యజ్ఞమే ఉంది. జాతిహననం అనడమే సరైనదని మా అభిప్రాయం.

ఇక పేర్ల పఠనం. పేరు, వయసు, ఊరు కలిపి పది సెకన్లనుకుంటే గంటకు 360, రోజంతా చదివితే 8,640. ఆ లెక్కన 60 లక్షల పేర్లకు రాత్రింబవళ్లు 694 రోజులు పడుతుంది. పోలిష్, హంగేరియన్, యిడ్డిష్ పేర్లు తడబడకుండా పలకాలంటే జాబితా ముందురోజే చేతికివ్వాలి.

జాబితా ఎక్కడిదన్నది ఇంకా ముఖ్యం. ఫ్రాన్స్, నెదర్లాండ్స్ నుంచి తరలించినవారికి రైలు జాబితాలు ఉన్నాయి. సోవియట్ ప్రాంతాల్లో ఊరి పక్క గుంతల్లో కాల్చి చంపినవారికి చాలాచోట్ల ఏ కాగితమూ లేదు. సులభంగా దొరికింది చదివితే పశ్చిమ ఐరోపా పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. తూర్పువారి కోసం జెరూసలేంలోని స్మారక సంస్థ యాద్ వషేమ్ సేకరించిన సాక్ష్యపత్రాలనూ, బతికినవారు ఊరూరికీ యిడ్డిష్, హీబ్రూల్లో కూర్చిన యిజ్కోర్ పుస్తకాలనూ చూడాలి. వాటి చివరి పుటల్లో ఒక మగవాడి పేరు, పక్కన ‘భార్య, పిల్లలు’ అని మాత్రమే కనిపిస్తుంది. పేర్లు లేవని ఆ మాటలు దాటేయకూడదు. ఉన్నవి ఉన్నట్టే చదవాలి.