ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే బోర్డు పోయినట్టేనా?

పోయిన వారం పరకాల నుంచి ఒక తమ్ముడు మదర్‌బోర్డును డబ్బాతో సహా చంకలో పెట్టుకుని హనుమకొండలో మా షాపుకు వచ్చాడు. "అన్నా, బోర్డు పోయిందట. కొత్తది ఎంతైతది?" అన్నాడు. ఎవరు చెప్పారంటే, తెలిసినాయన. ఆయనకెలా తెలిసిందంటే, కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన స్టోరేజ్) పెడితే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో, రాలేదు. అంతే, పంచనామా అయిపోయింది.

ఈ "అట" వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నాను.

తమ్ముడిది ఐ5-10400, అంటే 10వ తరం ప్రాసెసర్. బోర్డు బీ560 రకం. ఆ బోర్డుల్లో ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే మొదటి ఎం.2 స్లాట్‌కు (ఎస్‌ఎస్‌డీని గుచ్చే సన్నటి స్లాట్) డేటా లైన్లు నేరుగా ప్రాసెసర్ నుంచే వస్తాయి. 11వ తరం పెడితేనే ఆ స్లాట్ పనిచేస్తుంది, 10వ తరంలో ఆ లైన్లే లేవు. ఎస్‌ఎస్‌డీ తీసి కింది స్లాట్‌లో పెట్టాను. ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్తే పేరు కనిపించింది. ఐదు నిమిషాల పని. వాడేమో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి బోర్డు కొందామని ఇంట్లో అడిగి డబ్బులు కూడా తెచ్చుకున్నాడు.

జనానికి ఎక్కువ ఖర్చు పెట్టించే అపోహ ఇదే: స్లాట్‌లో పట్టింది కాబట్టి పనిచేయాలి, పనిచేయలేదంటే ఏదో ఒకటి కాలిపోయింది.

కాదు. ఎం.2 అనేది ఆకారం పేరు. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, అంతే. ఆ ఆకారంలో సాటా (పాత, నెమ్మది పద్ధతి) ఎస్‌ఎస్‌డీలూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన పద్ధతి) ఎస్‌ఎస్‌డీలూ ఉన్నాయి. కొన్ని స్లాట్లు రెండింటినీ తీసుకుంటాయి, కొన్ని ఒక్కదాన్నే. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎం.2 సాటా ముక్క చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా పడుతుంది, బయోస్‌లో మాత్రం రాదు. ఏదీ కాలదు, ఏదీ చెడదు. అంచున రెండు గాట్లుంటే చాలావరకు సాటా, ఒక్కటే ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ. గాట్లను నమ్మి ఆగకండి, స్టిక్కర్ చదవండి. తర్వాత బోర్డు మాన్యువల్‌లో స్టోరేజ్ పేజీ తెరిచి, మీ స్లాట్ ఎదురుగా ఏం రాసుందో చూడండి. మాన్యువల్ పారేశారా? కంపెనీ సైట్‌లో మోడల్ పేరు కొడితే పీడీఎఫ్ దొరుకుతుంది.

అదే పేజీలో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: ఈ ఎం.2 స్లాట్ వాడితే ఫలానా సాటా పోర్టు (హార్డ్ డిస్క్ కేబుల్ పెట్టేది) పనిచేయదు అని. దాన్ని ఎవరూ చదవరు. ఎనుమాముల మార్కెట్లో అడ్తి నడిపే ఒక పెద్దమనిషి మిర్చి సీజన్ మధ్యలో సీపీయూ మోసుకొచ్చారు. ఎవరితోనో ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నారు, అది వచ్చింది గానీ పాత హార్డ్ డిస్క్ మాయమైంది. నాలుగేళ్ల లెక్కలు అందులోనే. నేను పోయించిన చాయ్ చేతిలోనే చల్లారిపోయింది, ఒక్క గుక్క తాగలేదు. డిస్క్ కేబుల్ ఐదో పోర్టులో ఉంది. తీసి ఒకటో పోర్టుకు మార్చాను. ఫోల్డర్ తెరుచుకున్నాక, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇంకో చాయ్ చెప్పమన్నారు.

బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు అంటే బోర్డు మీద అనుమానం వదిలేయండి. కొత్త ఎస్‌ఎస్‌డీ అయితే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనిషియలైజ్ చేసి, జీపీటీ అనే పార్టిషన్ పద్ధతి ఎంచుకుని, వాల్యూమ్ తయారుచేస్తే కనిపిస్తుంది. అయితే పాత డేటా ఉన్న డ్రైవ్ పెట్టినప్పుడు ఇనిషియలైజ్ చేయమని అడిగితే, దయచేసి ఓకే నొక్కకండి. డ్రైవ్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్ మీద కొత్తది రాసేస్తుంది. పెళ్లి ఫొటోలు ఉన్నాయని వణుకుతూ వచ్చేవాళ్లలో సగం మంది ఆ టెన్షన్‌లోనే అది నొక్కి వస్తారు. వాళ్లను తిట్టబుద్ధి కాదు.

విండోస్ వేసేటప్పుడు డ్రైవ్ లేదంటోందా? ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ బయోస్‌లో ఆన్‌లో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఇంటెల్ వాళ్ల ఆర్‌ఎస్‌టీ స్టోరేజ్ డ్రైవర్ వేసుకుని లోడ్ చేస్తే కనిపిస్తుంది. విండోస్ ఇప్పటికే నడుస్తున్న సిస్టంలో మాత్రం వీఎండీ ఊరికే ఆపకండి, బూట్ కాకుండా నీలం తెర వస్తుంది.

మిగతావి గబగబా. జెన్ 4 (నాలుగో తరం వేగం) ఎస్‌ఎస్‌డీ జెన్ 3 బోర్డులో పనిచేయదన్నది అబద్ధం, పనిచేస్తుంది, వేగమే తగ్గుతుంది. "ముందు బయోస్ అప్‌డేట్ కొట్టు" అనేది మొదటి మందు కాదు, మధ్యలో కరెంటు పోతే అప్పుడు నిజంగానే బోర్డు పోవచ్చు. ఎస్‌ఎస్‌డీలు చనిపోవా అంటే చనిపోతాయి, చెప్పాపెట్టకుండా పోతాయి. కానీ అదే రకం స్లాట్ ఉన్న ఇంకో సిస్టంలో పెట్టి అక్కడా రాకపోతేనే ఆ మాట అనాలి.

ఇంకోటి, స్క్రూ. ఎం.2 ముక్కను గుచ్చగానే తోక వైపు పైకి లేచి ఏటవాలుగా నిలబడుతుంది, అది మామూలే. కిందికి నొక్కి స్క్రూ బిగిస్తేనే సరిగ్గా కూర్చుంటుంది. స్క్రూ పోయిందని టేపు అంటించినవాళ్లను చూశాను, అగ్గిపెట్టె ముక్క ఇరికించినవాళ్లనూ చూశాను. నా దగ్గర పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినవి ఒక పచ్చడి సీసా నిండా ఉన్నాయి. అడగండి, ఊరికే ఇస్తాను.