ఫోన్లెత్తేవాడి వైపు నుంచి: కన్జర్వేటివ్ టాక్ రేడియో అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక కన్జర్వేటివ్, అంటే రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గే, ఏఎం రేడియో స్టేషన్‌లో నేను కాల్ స్క్రీనర్ని. శ్రోతలు ఫోన్ చేస్తే ముందు ఎత్తేది నేనే. పేరు, ఊరు, ఏం మాట్లాడతారో ఒక్క ముక్కలో టైప్ చేసి హోస్ట్ ముందున్న స్క్రీన్ మీదికి పంపుతాను, తర్వాత ఎవరిని తీసుకోవాలో ఆయన ఇష్టం. పాటలుండవు, పొద్దున్నుంచి రాత్రిదాకా మాటలే. మన దగ్గర ప్రైవేట్ ఎఫ్ఎంలకి సొంతంగా వార్తలు చెప్పే అనుమతే లేదు కాబట్టి మనవాళ్ళకి ఇది వింతగానే ఉంటుంది. వరంగల్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా "ఏం బావా, మీ రేడియోవాళ్ళు ఇవాళ ఎవరి మీద బాంబులేయమంటున్నారు?" అని ఏడిపిస్తాడు. వాడికి చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

అపోహ: కన్జర్వేటివ్ రేడియో అంటే యుద్ధం అనగానే జై కొట్టేదే.

2003లో ఇరాక్ అప్పుడు చాలావరకు అదే జరిగింది, దాచేదేం లేదు. రేడియో హోస్ట్ గ్లెన్ బెక్ అయితే సైన్యానికి మద్దతుగా ఊరూరా ర్యాలీలే పెట్టించాడు. కానీ 1999లో డెమోక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ కొసోవో గొడవలో సెర్బియా మీద బాంబులు వేయించినప్పుడు, 2013లో మరో డెమోక్రాట్ ఒబామా సిరియా మీద దాడికి సిద్ధమైనప్పుడు, ఇదే వర్గంలో "మనకెందుకీ గోల" అన్నవాళ్ళు బోలెడుమంది. వైట్‌హౌస్‌లో ఎవరున్నారో చూసి గొంతు మారుస్తారని మీరంటే నేను కొట్టిపారేయలేను. అయితే 2025 జూన్‌లో ఆ లెక్క కూడా తప్పింది. ఇరాన్‌ని కొట్టి తీరాలని రేడియో హోస్ట్ మార్క్ లెవిన్, మనం ఇందులో దిగొద్దని సొంత షోలున్న స్టీవ్ బానన్, టక్కర్ కార్ల్‌సన్, అంతా ట్రంప్ మనుషులే, ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు. ఆ తర్వాత ఇరాన్ అణు కేంద్రాలు ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద అమెరికా బాంబులు పడనే పడ్డాయి.

ఇంకో సంగతి. ఇక్కడ యుద్ధం గురించి ఫోన్ చేసేవాళ్ళలో చాలామందికి అది ఇంటి విషయం. నేషనల్ గార్డ్ అంటే రాష్ట్రాల్లో ఉండే పార్ట్‌టైం సైన్యం, వాళ్ళు మామూలు రోజుల్లో మెకానిక్కులు, టీచర్లు, పోలీసులు. 2009లో మా రాష్ట్ర గార్డ్‌లోని 32వ బ్రిగేడ్ నుంచి 3,000 మందికి పైగా ఇరాక్ వెళ్ళారు. కొడుకుని అలా పంపిన తల్లి లైన్లోకి వస్తే ఎంత నోరున్న హోస్ట్ అయినా తగ్గి మాట్లాడతాడు, నేను కళ్ళారా చూశాను. 1973 నాటి వార్ పవర్స్ చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పే రిటైర్డ్ సైనికులూ ఉన్నారు: అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కి చెప్పాలి, కాంగ్రెస్ ఒప్పుకోకపోతే 60 రోజుల్లో ఆపాలి అని.

అపోహ: ఒప్పుకునేవాళ్ళ ఫోన్లే తీసుకుంటారు.

తలకిందులు. హోస్ట్‌తో గొడవ పెట్టుకునే మనిషి దొరికితే నాకు పండగ, వాళ్ళని క్యూలో ముందుకి తోస్తాను. అరగంటసేపు "మీరు చెప్పింది కరెక్టండీ" అంటుంటే ఎవరు వింటారు? నేను కట్ చేసేది విషయానికి రాకుండా సాగదీసేవాళ్ళని, స్పీకర్ ఫోన్ వాళ్ళని, పక్కన రేడియో మోగుతుండగా మాట్లాడేవాళ్ళని. బూతులు ఆపడానికి మేం కొన్ని సెకన్లు ఆలస్యంగా పంపుతాం కదా, వాళ్ళ మాట వాళ్ళకే వెనక నుంచి వినపడి తికమకపడతారు.

అపోహ: రెండు వైపులా వినిపించాలని చట్టం ఉంది.

ఉండేది. 1949 నుంచి 1987 వరకు, ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అని. అది పోయిన మరుసటి ఏడాదే, 1988లో, కన్జర్వేటివ్ రేడియోలో అందరికన్నా పెద్ద పేరైన రష్ లింబా దేశమంతా వినపడే షో మొదలుపెట్టాడు. ఇప్పుడు మిగిలింది సమాన సమయం రూలు, అది ఎన్నికల్లో నిలబడ్డ అభ్యర్థులకే. మా హోస్ట్ రేపు కౌన్సిల్‌కి పోటీ చేస్తే మైకు వదలాలి, లేదంటే ప్రత్యర్థులు అడిగితే వాళ్ళకీ అంతే సమయం ఊరికే ఇచ్చుకోవాలి.

అపోహ: అంతా పార్టీ ఆఫీసు రాసిచ్చేదే.

మెయిళ్ళు వస్తాయి, రోజూ. ఎక్కువ చెత్తబుట్టకే. హోస్ట్ నిజంగా భయపడేది ప్రకటనలిచ్చే కార్ల షోరూము ఓనరుకి.

అపోహ: లోకల్ రాజకీయాలు ఎవడికి కావాలి?

నేను చేరినప్పుడు నేనూ ఇలాగే అనుకున్నా. మధ్యాహ్నం దేశమంతా వచ్చే పెద్ద షోలు వేస్తాం, వాటికి చాలావరకు డబ్బుకి బదులు మా ప్రకటనల నిమిషాలే ఇస్తాం. ఆ షోల్లో మా ఊరి స్కూల్ బోర్డు గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే పొద్దుటి మా సొంత షోకి గిరాకీ. ఏప్రిల్‌లో జరిగే ఊరి ఎన్నికలకి ఓటేసేది కొద్దిమందే, అక్కడ కొన్ని వందల మంది శ్రోతలు కదిలితే ఫలితమే మారొచ్చు. నాయకులకీ ఇది తెలుసు. మైక్ పెన్స్ 1990ల్లో ఇండియానాలో రేడియో షో చేసినవాడే, తర్వాత ఉపాధ్యక్షుడయ్యాడు.

ఇరాన్ మీద దాడి జరిగిన వారాంతం తర్వాతి సోమవారం పొద్దున మా ఆరు లైన్లూ నిండిపోయాయి, అందరూ ఇరాన్ గురించే. ఒక పెద్దాయన మాత్రం నలభై నిమిషాలు హోల్డ్‌లో ఉన్నాడు, ఆయనకి మాట్లాడాల్సింది వీల్ ట్యాక్స్ గురించి. ఇక్కడ ఊళ్ళు, కౌంటీలు బండికింత అని ఏటా వేసే పన్ను అది. ఈ రోజు కుదరదండీ అని చెప్పబోయి, ఎందుకో మనసొప్పక ఎనిమిది గంటల వార్తలవగానే లైన్లో పెట్టాను. ఆయన రెండు నిమిషాలు మాట్లాడాడో లేదో, నా ముందు ఆరు లైన్లూ మళ్ళీ వెలిగాయి. ఐదు వీల్ ట్యాక్స్ గురించే. ఆరోది మా స్టేషన్ మేనేజర్, ఆయన బండికి కూడా పన్ను పెరిగిందట.