ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్: అపోహలు, వాస్తవాలు

పోటీ పరీక్షలకు ఇంగ్లిష్ చెబుతాను. ఈ మాట గురించి అడగని బ్యాచ్ లేదు. 2018లో శశి థరూర్ తన పుస్తకం గురించి పెట్టిన ట్వీట్‌తో ఇది మనవాళ్ల నోళ్లలో పడింది. 2021 మేలో, కరోనా మందుల పేర్లకు నోరు తిరగడం లేదని, ఇందులో థరూర్ హస్తం ఉన్నట్టుందని కేటీఆర్ సరదాగా అంటే, ఆయన ఇదే మాటతో బదులిచ్చారు.

అపోహ: ఇది థరూర్ పుట్టించిన మాట.

వాస్తవం: ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపే తొలి ప్రయోగం 1741 నాటిది, విలియం షెన్‌స్టన్ అనే ఇంగ్లిష్ కవి ఉత్తరంలోది. ఈటన్ స్కూల్ లాటిన్ వ్యాకరణంలో 'పూచికపుల్ల విలువ చేయదు' అనడానికి వాడే మాటల వరుస ఒకటుంది. అందులోంచి నాలుగు గుచ్చి, చివర 'ఫికేషన్' తగిలించారు. మొదటిది ఉన్ని పోగు, ఆఖరిది వెంట్రుక. 'నా వెంట్రుకతో సమానం' అనే మనకు ఆ ఆఖరిదాన్ని వేరే విడమరచక్కర్లేదు.

అపోహ: దీని అర్థం 'పనికిరానిది'.

వాస్తవం: తప్పులన్నీ ఇక్కడే. 'ఆ సినిమా ఒట్టి ఫ్లాక్సినాసి...' అనేస్తారు పిల్లలు. సినిమా అలా ఉండదండీ, ఎవరో దాన్ని అలా తీసిపారేయాలి. దేన్నైనా విలువలేనిదిగా లెక్కగట్టడమనే పనికి ఇది పేరు. మన 'తృణీకారం' అచ్చం ఇదే. తృణమంటే గడ్డిపరకే కదా. కాబట్టి వెనకే 'ఆఫ్' పెట్టి, దేన్ని తృణీకరించారో చెప్పొచ్చు. షెన్‌స్టన్ రాసింది 'ఆఫ్ మనీ' అని. డబ్బును లెక్కచేయని గుణం వల్లే ఒకాయన తనకు అంతగా నచ్చాడంటాడు. అంటే మెచ్చుకోలుకూ ఈ మాట పనికొస్తుందన్నమాట. థరూర్ కూడా తనది 400 పేజీల తృణీకారం మాత్రమే కాదు, అంతకు మించినదన్నారు. వ్యాకరణం చక్కగా కుదిరింది.

అపోహ: ఇంగ్లిష్‌లో ఇదే అతి పొడవైన మాట.

వాస్తవం: దీనికి 29 అక్షరాలే. ఊపిరితిత్తుల జబ్బు పేరుగా నిఘంటువుకెక్కిన ఇంకో మాటకు 45 ఉన్నాయి. అదీ 1930ల్లో పజిల్ ప్రియులు కావాలని అల్లిందే.

అపోహ: పలకడం మనవల్ల కాదు.

వాస్తవం: ఫ్లాక్సి, నాసి, నిహిలి, పిలిఫి, కేషన్. ఇలా ఐదు ముక్కలు చేసి, 'కే' మీద ఒత్తండి. స్పెల్లింగ్‌లో 'ఐ' 9 సార్లు వస్తుంది, 'ఈ' ఒక్కసారీ రాదు.

అపోహ: వ్యాసంలో వాడితే మార్కులు పడతాయి.

వాస్తవం: దిద్దేవాళ్లకు చిరాకు తప్ప ఒరిగేదేం లేదు. ఇంగ్లిష్ వాళ్లు సైతం దీన్ని ఎక్కువగా సరదాకే వాడతారు. వ్యాసంలో 'డిస్మిస్' గానీ 'బిలిటిల్' గానీ రాయండి, స్పెల్లింగ్ టెన్షన్ కూడా ఉండదు.