రాలేని బ్యాండ్ పంపిన వీడియో

రాక్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ తెస్తోందంటే కొన్ని వారాల ముందే అందులోంచి ఒక పాట బయటికొస్తుంది. అదే లీడ్ సింగిల్. దాని వెన్నంటే వీడియో. ఈ జోడీ ఇప్పుడు ఎంత మామూలైపోయిందంటే, వీడియో నాలుగు రోజులు ఆలస్యమైతే అభిమానులు అలుగుతారు. నిజానికి వీడియో పుట్టింది పాటకు అందం తేవడానికి కాదు, టీవీ స్టూడియోకి వెళ్లే పని తప్పించుకోవడానికి.

1960లలో సింగిల్, అంటే విడిగా అమ్మే పాట, అమ్ముడుపోవాలంటే బ్యాండ్ టీవీ కార్యక్రమాల్లో కనబడాలి. వెళ్లిన ప్రతిచోటా అదే పాటకు పెదవులు కదపాలి. 1966 వచ్చేసరికి బీటిల్స్‌ ఈ తిరుగుడు తగ్గించుకోవాలనుకున్నారు. 'పేపర్‌బ్యాక్ రైటర్' పాటకు దర్శకుడు మైకేల్ లిండ్సే-హాగ్‌ చేత చిన్న ఫిల్ములు తీయించి, తమ బదులు వాటిని పంపారు. వాళ్లు బీటిల్స్ కాబట్టి చెల్లింది.

తొమ్మిదేళ్ల తర్వాత మరో బ్రిటిష్ బ్యాండ్ క్వీన్‌కి వచ్చిన చిక్కు వేరు. 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా' ఆల్బమ్‌కి లీడ్ సింగిల్‌గా వాళ్లు పట్టుబట్టిన 'బొహీమియన్ రాప్సడీ' నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. మూడు నిమిషాల పాటలకు అలవాటుపడిన రేడియోలు దీన్ని వేయవని రికార్డు కంపెనీ ఈఎంఐ భయం. కత్తిరించేది లేదని బ్యాండ్ మొండికేసింది. లండన్‌లో క్యాపిటల్ రేడియో డీజే కెన్నీ ఎవరెట్ ఒక్క వారాంతంలో 14 సార్లు వేసేసరికి ఆ భయం తేలిపోయింది. 1975 అక్టోబర్ 31న సింగిల్ విడుదలైంది.

అసలు ఇబ్బంది మధ్యలో వచ్చే ఆపెరా భాగం, అంటే పాశ్చాత్య సంగీత నాటకం తరహాలో సాగే ముక్క. నలుగురిలో ముగ్గురి గొంతులే మళ్లీ మళ్లీ రికార్డు చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి బృందగానంలా వినిపించారు. బీబీసీ టీవీ పాటల కార్యక్రమం 'టాప్ ఆఫ్ ది పాప్స్' వేదికమీద నలుగురూ నిలబడి దానికి పెదవులు కదిపితే నవ్వులపాలే. పైగా నవంబర్ 14న లివర్‌పూల్‌లో టూర్ మొదలు. అందుకే 10వ తేదీన ఎల్‌స్ట్రీలో, టూర్ కోసం రిహార్సల్ చేస్తున్న చోటే, బ్రూస్ గవర్స్ దర్శకత్వంలో నాలుగు గంటల్లో వీడియో టేపుమీద చుట్టేశారు. ఖర్చు 5 వేల పౌండ్లలోపే. చీకట్లో వెలిగే నాలుగు ముఖాలు కొత్త ఆలోచన కూడా కాదు. 1974లో 'క్వీన్ 2' ఆల్బమ్ అట్టకోసం మిక్ రాక్ తీసిన ఫొటోని కదిలించారంతే. ఒక ముఖం వెనక ముఖాలు బారులు తీరడానికి, తను తీస్తున్న బొమ్మనే మళ్లీ తీసేలా కెమెరాని మానిటర్‌వైపు తిప్పారు.

పాట తొమ్మిది వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో కూర్చుంది. అదంతా వీడియో చలవే అంటే అతి. కానీ బ్యాండ్ ఒక ఊళ్లో కచేరీ చేస్తుంటే పాట ఇంటింటికీ వెళ్లొచ్చని కంపెనీలకు అర్థమైంది. తమాషా ఏమిటంటే, కచేరీల్లో కూడా ఆ ఆపెరా భాగం రాగానే నలుగురూ లోపలికి వెళ్లిపోయేవారు, టేపు పాడేది.

1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోల చానెల్ ఎంటీవీ మొదలైంది. రోజంతా వేయడానికి దానికి సరుకు కావాలి. వీడియోలు అప్పటికే చేతిలో ఉన్నది ఎక్కువగా బ్రిటిష్ బ్యాండ్ల దగ్గర. అమెరికా రేడియో పట్టించుకోని బ్యాండ్లు అలా దొడ్డిదారిన ఇళ్లలోకి వచ్చేశాయి. ఇక అక్కణ్నుంచి బడ్జెట్లు పెరిగాయి. ఆ ఖర్చులో కొంత బ్యాండ్ రాయల్టీలోంచే కోసుకోవడం ఒప్పందాల్లో మామూలు కాబట్టి, కంపెనీ చెయ్యి ధారాళంగానే ఆడేది.

చవకగా తీసినదీ చరిత్ర తిప్పగలదని 1991లో అమెరికన్ బ్యాండ్ నిర్వాణ చూపించింది. 'నెవర్‌మైండ్' ఆల్బమ్ లీడ్ సింగిల్ 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'మీద కంపెనీకి పెద్ద ఆశల్లేవు. శామ్యూల్ బేయర్ తీసిన స్కూల్ జిమ్ వీడియో ఎంటీవీలో మోగిపోయింది. 1992 జనవరిలో ఆ ఆల్బమ్ మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని దింపి బిల్‌బోర్డ్ అనే అమెరికా ఆల్బమ్ జాబితాలో మొదటి స్థానానికెక్కింది.

టీవీ పట్టు తర్వాత సడలి, వీడియోలు యూట్యూబ్‌కి చేరాయి. ఎల్‌స్ట్రీలో నాలుగు గంటల్లో తీసిన ఆ టేపు 2019 జులైలో అక్కడ 100 కోట్ల వీక్షణలు దాటింది.