కెనడా ఉక్కు అమెరికా భద్రతకు ముప్పా? సెక్షన్ 232 మీద అపోహలు - వాస్తవాలు

అమెరికా-కెనడా సరిహద్దు దాటే సరుకుకి దిగుమతి కాగితాలు చూసే కస్టమ్స్ బ్రోకరేజ్ పని నాది. "జాతీయ భద్రత" పేరుతో కెనడా ఉక్కు లాంటి దిగుమతుల మీద అమెరికా వేసే సుంకాల గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు చూస్తే బాధేస్తుంది. ఇవి మామూలు టారిఫ్‌లు కావు, వీటి దారే వేరు.

అపోహ: కెనడా వల్ల ప్రమాదం ఉందని తేలాకే సుంకం వేశారు.

అలా తేలాల్సిన పనే లేదు. 1962 నాటి ట్రేడ్ ఎక్స్‌పాన్షన్ చట్టంలో సెక్షన్ 232 కింద, ఫలానా వస్తువు దిగుమతులు దేశ భద్రతకు చేటు చేస్తున్నాయా అని వాణిజ్య శాఖ 270 రోజుల్లోగా విచారించి నివేదిక ఇవ్వాలి, ఆ తర్వాత 90 రోజుల్లో అధ్యక్షుడు నిర్ణయం తీసుకుంటారు, కాంగ్రెస్ ఓటు అక్కర్లేదు. విచారణ జరిగేది వస్తువు మీద, దేశం మీద కాదు. పైగా సైన్యం అవసరాలతో పాటు దేశీయ పరిశ్రమ దెబ్బతినడం, ఉద్యోగాలు పోవడం, ప్రభుత్వ ఆదాయం తగ్గడం కూడా లెక్కలోకి తీసుకోమని ఆ చట్టమే చెబుతుంది. 2018 ఉక్కు నివేదిక వాదన కూడా అదే: అమెరికన్ మిల్లులు తమ సామర్థ్యంలో 80 శాతమైనా నడవాలి, దిగుమతులు అందుకు అడ్డుపడుతున్నాయి. అంతే. మిత్రుడా శత్రువా అన్న ప్రశ్న అక్కడ రాదు.

అపోహ: యుద్ధమొస్తే ఉక్కు చాలదు, అందుకే ఈ జాగ్రత్త.

ఈ మాట నమ్మేవాళ్లు 2018లో అప్పటి రక్షణ మంత్రి జిమ్ మాటిస్ వాణిజ్య శాఖకి రాసింది చదవాలి. సైన్యానికి కావలసిన ఉక్కు గానీ అల్యూమినియం గానీ అమెరికా ఉత్పత్తిలో సుమారు 3 శాతమేనని, మిత్రదేశాల మీద పడే దెబ్బ గురించి తన శాఖ ఆందోళన పడుతోందని ఆయన రాశారు. చైనా అవసరానికి మించి ఉక్కు తయారు చేసి ప్రపంచ ధరలు పడగొట్టిన మాట నిజం, ఆ సమస్యని నేను కొట్టిపారేయను. కానీ చైనా ఉక్కు మీద అప్పటికే యాంటీ-డంపింగ్ సుంకాలు (మరీ చవగ్గా తెచ్చి కుమ్మరించకుండా వేసేవి) గట్టిగా ఉండటంతో అక్కడి నుంచి నేరుగా వచ్చేది చాలా తక్కువ. ఎక్కువ పంపేది కెనడా, కాబట్టి ఎక్కువ దెబ్బ తగిలిందీ కెనడాకే. నోరాడ్ అనే రక్షణ ఏర్పాటు కింద 1958 నుంచి అమెరికాతో కలిసి ఉమ్మడిగా ఆకాశానికి కాపలా కాస్తున్న దేశం అది. అమెరికా రక్షణ కొనుగోళ్ల చట్టమే కెనడా ఫ్యాక్టరీలని తమ పారిశ్రామిక పునాదిలో భాగంగా లెక్కేస్తుంది! అలాంటి దేశం మీద భద్రత పేరుతో సుంకం వేయడం నా దృష్టిలో సెక్షన్ 232కే చేటు, ఎందుకంటే రేపు నిజంగా ముప్పు వచ్చి ఇదే సెక్షన్ వాడాల్సి వస్తే ఎవరు నమ్ముతారు?

అల్యూమినియం సంగతి ఇంకా స్పష్టం. దాని తయారీకి కరెంటు విపరీతంగా కావాలి, కెనడాలోని క్యూబెక్‌లో జలవిద్యుత్ చవక, కాబట్టి స్మెల్టర్లు, అంటే ఆ లోహం తయారుచేసే ఫ్యాక్టరీలు, అక్కడే నిలిచాయి. సుంకం వేసినంత మాత్రాన అమెరికాలో కరెంటు చవకైపోదు.

అపోహ: ఆ డబ్బు కెనడా కడుతుంది.

కట్టేది అమెరికాలోని దిగుమతిదారు. సరుకు విడుదలయ్యాక పది పనిదినాల్లో అంచనా సుంకం జమ చేయాలి. మామూలు సుంకమైతే, ఆ సరుకుతో చేసిన వస్తువుని మళ్లీ ఎగుమతి చేసినప్పుడు చాలావరకు వెనక్కి వస్తుంది, దాన్ని డ్రాబ్యాక్ అంటాం. ఉక్కు, అల్యూమినియం 232 సుంకానికి 2018లో గానీ 2025లో గానీ డ్రాబ్యాక్ ఇవ్వలేదు. కారు విడిభాగాల్లాంటివి ఈ సరిహద్దుని ఒక్కసారి కాదు, పలుమార్లు దాటుతాయి. చిన్న వర్క్‌షాపు నడిపేవాళ్లకి ఇది ఎంత టెన్షనో దగ్గరుండి చూస్తున్నాను.

అపోహ: స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉందిగా, కెనడా ఉక్కుకి మినహాయింపు ఉంటుంది.

లేదు. 2018 జూన్ 1 నుంచి ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం పడ్డాయి, అప్పటి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా అమల్లో ఉండగానే. జూలై 1న కెనడా 1,660 కోట్ల కెనడియన్ డాలర్ల అమెరికన్ సరుకు మీద ఎదురు సుంకం వేసింది. 2019 మేలో రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకుని ఎత్తేశాయి: కోటాలు లేవు, దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే చూసుకుందాం అన్న ఒప్పందం మాత్రమే. అది పనికొచ్చే దారి అని నా నమ్మకం. 2025 మార్చి 12న రెండు లోహాల మీదా 25 శాతం మళ్లీ వచ్చింది, జూన్ 4న 50కి చేరింది.

అపోహ: కోర్టులో గానీ డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) గానీ ఇది నిలవదు.

1976లో ఆల్గాన్‌క్విన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కింద అధ్యక్షుడికి చాలా వెసులుబాటు ఇచ్చింది. 2022 డిసెంబరులో డబ్ల్యూటీవో ప్యానెళ్లు అమెరికాకి వ్యతిరేకంగా తీర్పిస్తే, భద్రత విషయంలో తీర్పు చెప్పే హక్కు మీకు లేదంది అమెరికా. అప్పీలు వినే సంఘం అప్పటికే పనిచేయడం లేదు కాబట్టి అది అక్కడే ఆగిపోయింది.

అపోహ: 2025లో మన భీమవరం రొయ్యల మీద పడిన 50 శాతమూ ఇదే.

కాదు. అది 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం, ఐఈఈపీఏ, పేరుతో వేసింది: ఆగస్టు 7న 25, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27న ఇంకో 25. ఫెంటానిల్ అనే మాదకద్రవ్యం పేరుతో కెనడా మీద వేసింది కూడా ఆ చట్టం కిందే. మన ఉక్కు, అల్యూమినియం సామాను మీద మాత్రం పడేది 232. దేన్ని ఏ చట్టం కింద వేశారో ముందు తెలుసుకోండి, ఎందుకంటే ఒకటి కోర్టులో కొట్టేసినా, ఒప్పందంతో తగ్గినా రెండోది దానంతటది పోదు.