అండమాన్ పచ్చబల్లి ఇంత దూరం ఎలా వచ్చింది?

పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ బల్లి కొత్తేమీ కాదు. కొబ్బరి మట్టల్లో, అరటాకు మీద, ఒక్కోసారి ఇంటి గోడ మీద కూడా పట్టపగలే కనిపిస్తుంది. ఒళ్లంతా చిలకపచ్చ, వీపు మీద ఎర్రటి చుక్కలు, గీతలు. మగదాని తోక నీలం తిరిగి ఉంటుంది. తోకతో కలిపి కొలిచినా జానెడు ఉండదు. 1861లో ఇంగ్లిష్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పేరు ఫెల్సుమా అండమానెన్సిస్.

మన గోడబల్లి చీకటి పడ్డాక ట్యూబులైటు పక్కన మాటు వేస్తుంది. ఇది పొద్దెక్కాకే వేటకు దిగుతుంది. అందుకే దీని కనుపాప గుండ్రం. గోడబల్లిదైతే వెలుగులో నిలువు చీలికలా సన్నబడుతుంది. రెప్పలు మాత్రం రెంటికీ లేవు. కంట్లో దుమ్ము పడితే నాలుకతో నాకి తుడుచుకోవాల్సిందే. పురుగులతో పాటు పూలలో తేనె, మగ్గిన పండ్ల రసం కూడా దీనికి ఇష్టమే.

గుడ్లు పెట్టే ఆడదాని మెడను దగ్గరగా చూడండి. రెండు పక్కలా తెల్లటి ఉబ్బులు కనిపిస్తాయి. జబ్బేమో అనిపిస్తుంది గానీ, అది సున్నపు నిల్వ. ఈ జాతి బల్లులు సాధారణంగా ఒక విడతకు రెండు గుడ్లు పెడతాయి. వాటి గట్టి పెంకుకు కావలసిన కాల్షియం అక్కడ దాగి ఉంటుంది.

అసలు చిక్కు దీని చుట్టాలతోనే. ఫెల్సుమా అనే ఈ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) బల్లులు భారత ప్రధాన భూభాగంలో లేవు, శ్రీలంకలోనూ లేవు. ఇది తప్ప మిగతా జాతులు దాదాపు అన్నీ మడగాస్కర్‌కో, దాని చుట్టుపక్కల ద్వీపాలకో చెందినవే. మడగాస్కర్‌కూ అండమాన్‌కూ మధ్య 5,000 కిలోమీటర్లకు పైగా సముద్రం. ఓడల్లో మనుషులే తెచ్చి ఉంటారా? అలాగైతే అక్కడి ఏదో ఒక జాతే ఇక్కడా కనిపించాలి. ఇదేమో అండమాన్‌లో తప్ప ఎక్కడా లేని వేరే జాతి. అంతగా మారిపోవడానికి మన ఓడల చరిత్ర సరిపోదు.

తుపానుకు కొట్టుకుపోయిన చెట్ల మానుల మీద బల్లులో, తొర్రల్లోని గుడ్లో తేలుతూ వచ్చాయన్న వాదనే నాకు సబబుగా తోస్తుంది. గట్టి పెంకు ఉంటే గుడ్డు త్వరగా ఎండిపోదు. పైగా మారిషస్, రీయూనియన్ అగ్నిపర్వతాల వల్ల నడిసముద్రంలో పుట్టిన ద్వీపాలు. ఏనాడూ ఏ ఖండానికీ ఆనుకుని లేవు. అయినా అక్కడా మనుషుల కంటే ముందే ఫెల్సుమాలు కాపురం పెట్టేశాయి.