కోట్ల వాచీతో మైదానంలోకి: గొడవ మొదలైంది దుబాయ్‌లో కాదు, పారిస్‌లో

హార్దిక్ పాండ్యా చేతి ఫొటో మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. 2025 ఫిబ్రవరి 23న దుబాయ్‌లో, చాంపియన్స్ ట్రోఫీలో పాకిస్తాన్‌పై ఆడినప్పుడు అతని చేతికి రిచర్డ్ మిల్ కంపెనీ వాచీ ఉంది. మోడల్ ఆర్‌ఎం 27-02. అతను బాబర్ ఆజమ్‌ను ఔట్ చేశాడు. కానీ ఆ రాత్రి జనం మాట్లాడుకున్నది వికెట్ గురించి కాదు, వాచీ ధర గురించి. దాదాపు 7 కోట్లన్నారు. అదే ఏడాది ఆసియా కప్‌కు ముందు ప్రాక్టీసులో 27-04 కనిపించింది. ఈసారి 20 కోట్లన్నారు.

ఈ అంకెల్ని చూసి గుండెలు బాదుకునే ముందు ఒక సంగతి. 27-04 మోడల్ 2020లో మార్కెట్‌లోకి వచ్చినప్పుడు దాని ధర 10 లక్షల డాలర్ల పైచిలుకు. అప్పటి లెక్కన ఎనిమిది కోట్లు కూడా కాదు. చేసినవే 50 కాబట్టి చేతులు మారేకొద్దీ రేటు పెరుగుతుంది, వార్తల్లో ఇంకాస్త పెరుగుతుంది. 2021 నవంబరులో ముంబై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు హార్దిక్ దగ్గర 5 కోట్ల వాచీలు పట్టుకున్నారని ప్రచారం జరిగితే, తన వాచీ ధర దాదాపు కోటిన్నర అని, కస్టమ్స్ అధికారుల దగ్గరికి తానే వెళ్లి చూపించానని హార్దిక్ స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

వాదన మాత్రం ప్రతిసారీ ఒకే గాడిలో పడుతోంది. ఒకరు డాబు అంటారు, ఇంకొకరు అతని డబ్బు అతని ఇష్టం అంటారు. ఇద్దరి మాటా అక్కడితో ఆగిపోతుంది. అసలు అంత సున్నితమైన వస్తువు ఆటలోకి ఎలా వచ్చిందన్నది ఎవరూ అడగరు. జేబు గడియారం మణికట్టుకు ఎక్కిన పాత కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేద్దాం. మనకు కావలసిన మలుపు 2010లో ఉంది.

అప్పటిదాకా టెన్నిస్‌లో పద్ధతి ఇది: వాచీ కంపెనీ ఆటగాడితో ఒప్పందం చేసుకుంటుంది, కానీ ఆడేటప్పుడు వాచీ చేతికి ఉండదు. రోలెక్స్ ఒప్పందమున్న ఫెదరర్ మ్యాచ్ అయ్యాకే వాచీ తీసి పెట్టుకునేవాడు, కప్పు ఎత్తిన ఫొటోలో అది కనిపించేది. చిన్న పిల్లలకు కూడా తెలిసిపోయేంత మామూలు తంతు అది. దీని వెనక వ్యాపారమే కాదు, భయం కూడా ఉంది. కీ ఇచ్చే వాచీలో బ్యాలెన్స్ వీల్ అని ఒక చిన్న చక్రం సెకనుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు అటూ ఇటూ ఊగుతుంటుంది. ఆ చక్రం ఇరుసు కొసలు తలవెంట్రుక మందాన ఉంటాయి. గట్టిగా కుదుపు తగిలితే మొదట విరిగేది అవే. 1934లో ఇంకాబ్లాక్ అనే చిన్న స్ప్రింగు ఏర్పాటు వచ్చాక కింద పడ్డా బతికే వాచీలు వచ్చాయి. అయితే వాచీ వెనక షాక్ రెసిస్టెంట్ అని రాసి ఉంటే దాని అర్థం, మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడితే తట్టుకుంటుందని. గంటల తరబడి సర్వీసులు, ఫోర్‌హ్యాండ్‌లు తట్టుకుంటుందని కాదు.

తన పేరుతోనే కంపెనీ పెట్టిన రిచర్డ్ మిల్ ఆ భయాన్నే అమ్మకానికి పెట్టాడు. 2010 ఫ్రెంచ్ ఓపెన్‌లో రఫెల్ నాదల్ ఆర్‌ఎం 027తో కోర్టులోకి దిగాడు. పట్టీతో కలిపి దాని బరువు 20 గ్రాముల లోపే, లోపలి యంత్రం 4 గ్రాములు కూడా లేదు. ధర మాత్రం 5 లక్షల డాలర్ల పైన. ఆడేటప్పుడు వాచీ పెట్టుకోవడం నాదల్‌కు మొదట ఇష్టం లేదు. ప్రయోగానికి ఇచ్చిన వాచీలు కొన్ని అతని చేతి మీదే పాడయ్యాయి కూడా. అతను ఎడమచేతి ఆటగాడు, వాచీ కుడి మణికట్టుకు. కానీ బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో కొడతాడు కాబట్టి కుడిచెయ్యి ఖాళీగా ఏమీ ఉండదు. ఏడాది ముందు అదే కోర్టులో తనను ఓడించిన సోడర్లింగ్‌ను ఆ వాచీతోనే ఫైనల్లో మట్టికరిపించాడు. తర్వాత వింబుల్డన్, యూఎస్ ఓపెన్ కూడా గెలిచాడు. ఒక కంపెనీకి ఇంతకన్నా అదృష్టం ఉండదు.

అక్కడ లెక్క మారిపోయింది. అంతకుముందు ఆట నుంచి వాచీని కాపాడేవారు. ఇప్పుడు ఆటే వాచీకి పరీక్షశాల అయింది, టీవీలో గంటల తరబడి నడిచే ప్రకటన కూడా అయింది. 2013లో వచ్చిన 27-01లో యంత్రాన్ని సన్నని ఉక్కు తీగలకు వేలాడదీశారు. 2015లో వచ్చిన 27-02, అంటే దుబాయ్‌లో మనం చూసిన మోడల్, భూమ్యాకర్షణకు 5,000 రెట్ల కుదుపు తట్టుకుంటుందని కంపెనీ చెప్పింది. 2017లో అది 10,000 అయింది, 2020లో 12,000 అయింది. వీటిలో టూర్బియాన్ అనే అమరిక కూడా ఉంది. కోటు జేబులో నిలువుగా ఉండే గడియారంపై భూమ్యాకర్షణ ప్రభావాన్ని సరిచేయడానికి 1801లో బ్రెగే అనే గడియారాల నిపుణుడు పేటెంట్ తీసుకున్న ఏర్పాటు అది. క్షణం కుదురుగా ఉండని టెన్నిస్ ఆటగాడి చేతికి దానితో పని లేదు. చేయడం కష్టం, చేస్తే ధర చెప్పొచ్చు, అందుకే పెట్టారు.

దీనికి సరిగ్గా ఎదురు దారి మన దేశంలో పుట్టింది. 1930 చివర్లో ఇక్కడి బ్రిటిష్ సైనికాధికారులు పోలో ఆడుతూ వాచీ అద్దాలు పగలగొట్టుకుంటున్నారని సెసార్ ద ట్రే అనే వ్యాపారి స్విట్జర్లాండ్‌కు కబురు మోసుకెళ్లాడు. 1931 మార్చిలో రివర్సో అనే వాచీకి పేటెంట్ దరఖాస్తు పడింది. ఆట మొదలయ్యే ముందు డయల్‌ను వెనక్కి తిప్పేస్తే పైకి ఇనుప వీపు ఒక్కటే కనిపిస్తుంది. ఆ వాచీ ఆటలో ముఖం చాటేసేది. నాదల్ వాచీకి ముఖం చూపించడమే పని.

2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇది బయటపడింది. జమైకా జెండా రంగుల్లో ఉన్న రిచర్డ్ మిల్ వాచీతో యోహాన్ బ్లేక్ 100 మీటర్ల ఫైనల్ పరిగెత్తి, 9.75 సెకన్లలో రజతం గెలిచాడు. ఆ 9.75ను కొలిచింది అధికారిక టైమ్‌కీపర్ ఒమేగా. ఒకరు డబ్బు కట్టిన వేదిక మీద ఇంకొకరి వాచీ మెరిస్తే నిబంధనలు ఒప్పుకుంటాయా అని అప్పుడే పత్రికలు అడిగాయి.

క్రికెట్‌లో ఆ ప్రశ్న ఇంకా అడగనే లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆటగాడి ఒంటి మీద ఏ గుర్తు ఎంత సైజులో ఉండాలో కొలిచి చెప్పే నిబంధనలు ఐసీసీకి ఉన్నాయి. 2014లో సౌతాంప్టన్ టెస్టులో మొయిన్ అలీ గాజా పేరున్న రిస్ట్ బ్యాండ్లు పెట్టుకుంటే తీయమన్నారు. 2019 ప్రపంచకప్‌లో, అదే సౌతాంప్టన్‌లో, ధోనీ గ్లవ్స్ మీద మన సైన్యంలోని పారా ప్రత్యేక దళాల బలిదాన్ చిహ్నం కనిపించింది. బీసీసీఐ అడిగినా ఐసీసీ ఒప్పుకోలేదు. 2023 డిసెంబరులో పెర్త్‌లో ఉస్మాన్ ఖవాజా చేతికి నల్ల పట్టీ కట్టుకున్నాడు. వ్యక్తిగత సంతాపానికి కట్టుకున్నానని చెప్పినా మందలింపు తప్పలేదు. వాళ్ల సందేశాలతో మనం ఏకీభవించామా లేదా అన్నది వేరే విషయం. మణికట్టు మీద ఏముందో ఐసీసీ చూస్తుందన్నది మాత్రం ఖాయం.

వాచీని కూడా చూసింది, ఒకసారి. 2018 మేలో లార్డ్స్ టెస్టు తొలిరోజు పాకిస్తాన్ ఆటగాళ్లు కొందరు స్మార్ట్‌వాచీలతో దిగితే, ఇకపై వద్దని అవినీతి నిరోధక అధికారులు చెప్పారు. బయటి నుంచి కబుర్లు అందుకోగల పరికరం ఏదీ మైదానంలో ఉండకూడదు, ఫిక్సింగ్ భయం. ఈ నిబంధనే మెకానికల్ వాచీకి దారి వదిలేసింది. దానికి బ్యాటరీ లేదు, నెట్ లేదు, టైమ్ చెప్పడం తప్ప ఇంకేమీ తెలియదు. కొన్ని వేల రూపాయల స్మార్ట్‌వాచీకి అడ్డు ఉంది, కోట్ల వాచీకి లేదు.

ఫుట్‌బాల్‌లో ఈ గొడవే రాదు. అక్కడ నాలుగో నిబంధన ప్రకారం నగలన్నీ నిషేధం, టేపు చుట్టి దాచినా కుదరదు. కారణం గాయాలు. క్రికెట్‌లో మనిషికి మనిషి తగలడం తక్కువ కాబట్టి గాయాల వాదన అంత బలంగా నిలబడదు. డైవ్ చేసే ఫీల్డర్‌కు గట్టి కేసు మణికట్టులో గుచ్చుకుంటే నష్టం అతనిదే.

మిగిలింది ప్రకటన సంగతి. వాచీ అభిమానులు దీన్ని కొట్టిపారేస్తారు. డయల్ మీది పేరు టీవీలో ఎవరికి కనిపిస్తుంది అంటారు. నిజమే, కనిపించదు. కనిపించనక్కర్లేదు కూడా. ఆ పీపా ఆకారం, అంచుల్లో పైకి తేలిన స్క్రూలు చూడగానే మోడల్ నంబరుతో సహా చెప్పేసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. సెంటీమీటర్లలో లోగోను కొలిచే నిబంధన, వస్తువు మొత్తం లోగో అయినప్పుడు ఏం కొలుస్తుంది? నాదల్‌కు కంపెనీతో ఒప్పందం ఉంది. హార్దిక్ సంగతి వేరు, అతను వాచీలంటే మోజున్న మనిషిగానే అందరికీ తెలుసు. అందుకే అతన్ని తప్పుబట్టడం నాకు సబబుగా తోచదు. కానీ కంపెనీకి దక్కే ప్రచారంలో తేడా ఏమీ లేదు.

2015, 2019 ప్రపంచకప్‌లకు అధికారిక టైమ్‌కీపర్ హ్యూబ్లో. అలాంటి కంపెనీ డబ్బు కట్టిన టోర్నీలో ఎవరైనా ఇంకో కంపెనీ వాచీతో బౌలింగ్‌కు దిగితే, రెండో మ్యాచ్‌కల్లా ఐసీసీ నుంచి మెకానికల్ వాచీల మీద కూడా ఒక నిబంధన వస్తుంది.